బామ్మర్ది మొహంతో పదకొండు వేల ట్రిప్పులు

తెల్లారి ఐదూ నలభైకి వీధిలో అందరూ పాల కోసమో పేపరు కోసమో తలుపులు తీస్తుంటే, కునుకు అనే కారు డ్రైవరు మాత్రం మొహం కోసం బయల్దేరేవాడు.

తన మొహం కాదు. అది ఎప్పుడూ తన దగ్గరే ఉండేది కానీ దానితో పని జరిగేది కాదు. అతనికి కావలసింది బామ్మర్ది మొహం. అది నాలుగు వీధుల అవతల, రంగుచేపల దుకాణం వెనకగదిలో, అటక మీద, దుప్పటి కింద ఉండేది. దాన్ని లేపి, వెలుగులోకి లాగి, ఫోనుకి చూపిస్తే గానీ కునుకు కారుకి ఆ రోజు బేరం దొరికేది కాదు.

షట్టరు తీసి పెట్టమని బామ్మర్దికి చెప్పి చెప్పి విసిగిపోయి, కునుకే ఒక తాళంచెవి చేయించుకున్నాడు. షట్టరు సగం ఎత్తి, నడుం వంచి లోపలికి దూరితే రెండు వైపులా గాజుతొట్లు, నీలం దీపాలు, గుడగుడమని బుడగలు వదిలే మోటార్లు. చేపలన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగి గాజుకి మూతులు ఆనించేవి, మేత తెచ్చాడని. ఐదేళ్ళలో అతను వాటికి చిటికెడు మేత వేసిన పాపాన పోలేదు. అయినా అవి రోజూ తిరిగేవి.

"ఒరేయ్, లే."

"నిన్ననే కదా బావా మొహం ఇచ్చాను."

"నిన్నటి మొహం నిన్నటికే. ఇదిగో, గుండ్రం చూపిస్తోంది. లేచి అందులో తల పెట్టు."

"ఉరితీసేవాడు కూడా ఇంతకంటే మర్యాదగా చెప్తాడు."

బామ్మర్ది లేవడు. దుప్పటి మెడ దాకా దించి, పడుకునే మొహం అప్పగిస్తాడు. ఫోను హుకుం మొదలుపెడుతుంది. కళ్ళు పెద్దవి చేయండి. తల ఎడమవైపు తిప్పండి. చిరునవ్వు నవ్వండి. బామ్మర్ది ఆ మూడూ నిద్రలోనే చేసేసేవాడు. అతని కళ్ళు అలాంటివి. మూస్తే మూతపడ్డాయా అని అనుమానం వచ్చేంత పెద్దవి. పచ్చటి టిక్కు పడేది. 'శుభోదయం. ఈ రోజు మీరు ఎంతో ఉత్సాహంగా కనిపిస్తున్నారు' అని ఫోను మెచ్చుకునేది. మెచ్చుకోలు పూర్తయ్యేసరికి బామ్మర్ది గురక పెట్టేవాడు.

ఈ సేవకు వారానికి ఒక రోజు సంపాదన కూలి. ఇవ్వాల్సిన పని లేదు, అతనే పట్టుకునేవాడు. ఎందుకంటే బేరాలిచ్చే ట్యాక్సీ యాప్‌లో ఐడీ అతనిది, లైసెన్సు అతనిది, యాప్‌కి కట్టిన బ్యాంకు ఖాతా అతనిది. ప్రయాణికులు ఇచ్చిన ప్రతి పైసా ముందు అతని ఖాతాలో పడి, ఆదివారం మధ్యాహ్నం అతను నిద్ర లేచాక, కోత కోసుకుని కునుకు ఖాతాకి వచ్చేది.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, కునుకు కనురెప్పల వల్ల.

పుట్టుకతోనే అతని రెప్పలు బరువైనవి. కళ్ళ మీద సగం దాకా దించిన షట్టర్లలా ఉంటాయి. వాళ్ళ తాతకీ అవే రెప్పలు. ఆయన బడిపంతులు. మాస్టారు నిద్రపోతున్నాడని నమ్మి రెండు తరాల పిల్లలు ఆయన ముందే కాపీ కొట్టి దొరికిపోయారు. కునుకు పెళ్ళి ఫోటోలు తీసినవాడు నూట అరవై ఫోటోలు తీసి, ఒక్కదాంట్లోనూ పెళ్ళికొడుకు మెలకువగా లేడని డబ్బులు తగ్గించుకున్నాడు. చూపు మాత్రం నిక్షేపం. ఆ సన్నటి సందులోంచే రోడ్డు దాటబోయే పిల్లి ఏ వైపు దూకుతుందో పిల్లి కంటే ముందు అతనికి తెలిసేది. స్టాండులో తోటి డ్రైవర్లు పెట్టిన పేరు కునుకు. భార్య కూడా కోపం వచ్చినప్పుడు అదే వాడేది.

ఐదేళ్ళ కిందట యాప్‌లో చేరదామని సొంత మొహం చూపించాడు. కళ్ళు తెరవండి అంది. తెరిచే ఉన్నాయి. కళ్ళు తెరవండి అంది. నుదురు నొప్పి పుట్టేలా కనుబొమలు పైకి లాగాడు. మూడోసారి తెర ఎర్రబడింది. 'డ్రైవరు నిద్రమత్తులో ఉన్నట్టు గుర్తించాము. ప్రయాణికుల భద్రత కోసం మీ ఐడీ నిలిపివేశాము.' అప్పటికి అతను ఒక్క ప్రయాణికుణ్ణీ ఎక్కించుకోలేదు.

కొత్త దరఖాస్తు పెట్టి, దెబ్బలకి అంటించే ప్లాస్టరు ముక్కలతో రెప్పలు పైకి అంటించుకున్నాడు. ఇది ప్రాణమున్న మనిషి మొహంలా లేదంది. భార్య వెనక నిలబడి, రెండు వేళ్ళతో రెప్పలు ఎత్తి పట్టుకుంది. తెరలో ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారంది. సహాయం నంబరుకి ఫోను చేస్తే గంటన్నర సంగీతం వినిపించి, చివరికి ఒక గొంతు వచ్చింది.

"మీ సమస్య నాకు పూర్తిగా అర్థమైంది సార్. ఒకసారి కళ్ళు తెరిచి ప్రయత్నించండి."

ఆ రోజు ఫోను నేలకేసి కొట్టకుండా ఆపింది అతని భార్యే. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర పనిచేస్తుంది, సాయంత్రం వచ్చేసరికి కనుబొమల మీద పిండి ఉంటుంది. ఆమె చాలాసేపు ఆలోచించి అంది, "మా తమ్ముడి కళ్ళు చూశారా? చేపలే వాణ్ణి చూసి జడుసుకుంటాయి."

తమ్ముడికి లైసెన్సు కూడా ఉంది. ఎప్పుడో పన్నెండు రోజులు డ్రైవింగ్ స్కూలుకెళ్ళి తెచ్చుకున్నాడు. లైసెన్సు వచ్చిన మర్నాడు ఆ స్కూలు గోడనే గుద్దేశాడు. అప్పట్నుంచి స్టీరింగు ముట్టుకుంటే అతనికి చెమటలు పట్టేవి. యాప్‌కి ఆ సంగతులు అక్కర్లేదు. కళ్ళు చూసి మురిసిపోయి, పావుగంటలో చేర్చుకుంది.

అలా బామ్మర్ది నిద్రపోయాడు, కునుకు నడిపాడు. ఐదేళ్ళు, పదకొండు వేల నలభై ట్రిప్పులు, రేటింగు నాలుగు పాయింటు తొమ్మిది రెండు. గుడ్ల వ్యాపారి పన్నెండు ట్రేలు వెనకసీటు మీద పెడితే, తవ్వి పారేసిన రోడ్డు మీద నడిపి ఒక్క గుడ్డు చిట్లకుండా దించాడు. ఒకావిడకి మొదటి బిడ్డ కారులోనూ రెండో బిడ్డ ఆస్పత్రి మెట్ల మీదా పుట్టారు. ఆ కవలల తండ్రి అతనికి దండం పెట్టి, బామ్మర్ది పేరుతో పిలిచి, ఐదు స్టార్లిచ్చాడు. ఫోటో తేడాగా ఉందేమిటని ఎవరైనా అడిగితే కునుకు దగ్గర జవాబు తయారుగా ఉండేది. "అప్పట్లో కళ్ళు పెద్దవేనండి. ఈ రోడ్లు చూసీ చూసీ ఇలా అయ్యాయి."

కారు కూడా అతనిది కాదు. పళ్ళ డాక్టరుగారిది. రోజువారీ అద్దె. డాక్టరు మంచివాడు, మూడు నెలలకోసారి కునుకుని కుర్చీలో పడుకోబెట్టి పళ్ళు ఊరికే చూసేవాడు. ఆ నెల రెండోవారంలో అలాగే పడుకోబెట్టి, నోట్లో అద్దమూ రెండు వేళ్ళూ పెట్టాక చెప్పాడు.

"చెయ్యి వణుకుతోందయ్యా నాకు. మొన్న ఒకాయనకి పీకాల్సింది వదిలేసి పక్కది పట్టుకున్నాను. ఇంక చాలు, నెలాఖరుకి క్లినిక్ మూసేస్తున్నా. కారు కూడా అమ్మేస్తా. గోడలకేసే రంగులమ్ముతాడే, ఆ రంగుల కొట్టాయన రొక్కం పట్టుకుని తిరుగుతున్నాడు. కానీ ముందు నిన్నే అడగాలి కదా, పిల్లలా చూసుకున్నావు దాన్ని. నెలాఖరు దాకా ఆగమన్నాను. ఏమంటావు?"

కునుకు ఏమీ అనలేకపోయాడు. నోట్లో వేళ్ళున్నాయి.

"సరే, ఆలోచించుకో," అన్నాడు డాక్టరు.

ఆలోచించడానికి ఏముంది? ఆ కారు బ్రేకు ఎంత లోతు తొక్కితే పట్టుకుంటుందో అతని కాలికి తెలుసు. ఆ సీటు మీద వేసుకున్న పూసల దిండు అతని వీపు ఆకారానికి అరిగింది. అది పోతే రోజద్దె కార్ల షెడ్డుకెళ్ళి, ఉదయం ఒకటి, మర్నాడు ఇంకొకటి, సగం సంపాదన పోసి నడపాలి. మర్నాడే తన ఖాతా ఉన్న బ్యాంకుకి వెళ్ళాడు. అక్కడ అప్పుల బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు కంప్యూటర్లో అతని ఐదేళ్ళూ పైనుంచి కిందికి చూసి, కింది నుంచి పైకి చూశాడు.

"ప్రతి ఆదివారం ఒకాయన మీకు డబ్బు పంపుతున్నాడు. ఎవరాయన?"

"మా బామ్మర్దండి."

"ఇంకేం ఆదాయం లేదా?"

"అదే నా ఆదాయమండి. కారు నడుపుతాను."

"ఇక్కడ కారేం కనిపించడం లేదు సార్. బామ్మర్ది పోషిస్తున్నట్టు కనిపిస్తోంది." కుర్రాడు వెటకారంగా అనలేదు, జాలిగానే అన్నాడు. కునుకుకి ఆ జాలే కాలింది. "కాగితాల మీద మీరు ఏ పనీ చెయ్యడం లేదు."

బ్యాంకు బయటికొచ్చి కారులో కూర్చుని, తలుపు వేసుకుని, స్టీరింగుని నాలుగు తిట్లు తిట్టాడు. స్టీరింగు తప్పు ఏమీ లేదు. కానీ తిట్టడానికి దగ్గరలో ఇంకెవరూ లేరు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెర మీద రంగుకాగితాలు రాలుతున్నాయి. మధ్యలో బామ్మర్ది మొహం, గుడ్లు రెండూ మిటకరించుకుని. 'అభినందనలు. మీ పదకొండు వేల ట్రిప్పుల కష్టాన్ని మేము గుర్తించాము. మీలాంటి మేలైన డ్రైవర్ల కోసం సొంత కారు లోను. హామీ అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు. మీ మొహమే మీ హామీ.'

కునుకు ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివి, ఫోను బోర్లించి పక్కసీటు మీద పడేశాడు. తర్వాత మళ్ళీ తీశాడు. తియ్యక చేసేదేముంది? నెలాఖరుకి పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ ఆదివారం కునుకు ఇంట్లో సభ జరిగింది. రెండు గదుల ఇల్లు, మంచం మీద బామ్మర్ది, స్టూలు మీద కునుకు, గుమ్మంలో భార్య. బామ్మర్ది ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"నా రేటింగు ఎంతన్నావు బావా?"

"నాలుగు పాయింటు తొమ్మిది రెండు."

"మిగతా పాయింటు సున్నా ఎనిమిది ఎక్కడ పోగొట్టావు?"

కునుకు స్టూలు మీంచి లేవబోయాడు. భార్య గుమ్మంలోంచే అంది, "ఒరేయ్, నీ మొహానికి రేటింగు నేనిస్తా ఉండు."

"ఊరికే అన్నాలే అక్కా. లోను నా పేరు మీదే కదా, కారు కూడా నా పేరు మీదే ఉండాలి. రూలు. వెనకద్దం మీద చేపల దుకాణం బొమ్మ వేయిద్దాం, ప్రచారం. ఆదివారం కారు నాకు కావాలి."

"నీకు నడపడం రాదు కదరా," అన్నాడు కునుకు.

"నువ్వు నడుపుతావు. నేను వెనక కూర్చుంటా."

భార్య మొగుడి వైపు చూసింది. "పేరు వాడిది, అప్పు వాడిది, మొహం వాడిది. మీకేం మిగిలిందండీ?"

"నడుంనొప్పి," అన్నాడు కునుకు. "దాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి."

అన్నింటికీ ఒప్పుకున్నాడు. పేరు ఎవరిదైతేనేం, ఆ కారు రంగుల కొట్టుకి పోకుండా ఉంటే చాలు. బొత్తాం నొక్కారు. అటునుంచి జవాబు వారం తిరక్కుండానే వచ్చింది. మంగళవారం పది గంటలకి వీడియోలో పరీక్ష. డ్రైవరు కారులో ఒంటరిగా కూర్చోవాలి, ప్రశ్నలకి జవాబులు చెప్పాలి, వంద మీటర్లు కారు నడపాలి. చివరి మాట చదివి బామ్మర్ది నీళ్ళు తాగాడు.

సోమవారమంతా కునుకు బేరాలు మానుకుని పాఠం చెప్పాడు. ఇది క్లచ్చి, ఇది బ్రేకు, ఇది వైపరు. బామ్మర్ది అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. సాయంత్రానికి ఆ రాతంతా చెమటకి కరిగి చెయ్యి నీలం అయింది.

"వంద మీటర్లు నా వల్ల కాదు బావా. ఆ గోడ ఇప్పటికీ కల్లోకొస్తుంది."

మంగళవారం పది కొట్టేసరికి కారు కోల్డ్ స్టోరేజి గిడ్డంగి వెనకసందులో నిలబడి ఉంది. మనుషులు తిరగని సందు. బామ్మర్ది స్టీరింగు ముందు, ఫోను ఎదురుగా స్టాండులో. కునుకు ప్రక్కసీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట ముడుచుకుని కూర్చున్నాడు, తెరలో పడకుండా. యాభై ఏళ్ళ మనిషి, ఆ చోటులో ఒక సంచీ పట్టడమే కష్టం.

తెర మీద ఒక అమ్మాయి వచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లు, వెనక తెల్లటి గోడ.

"గుడ్ మార్నింగ్ సార్. పదకొండు వేల ట్రిప్పులు, చాలా గొప్ప విషయం. ఇన్నేళ్ళలో మీకు బాగా గుర్తున్న ట్రిప్పు ఒకటి చెప్తారా?"

అది అరచేతి మీద రాసుకున్న ప్రశ్న కాదు. బామ్మర్ది కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. "అన్నీ బాగానే గుర్తున్నాయండి," అన్నాడు.

"ఏదైనా ఒకటి సార్."

"ఒకసారి... ఒకాయన ఎక్కాడు. తర్వాత దిగాడు."

కింద ముడుచుకున్న కునుకుకి ఒళ్ళు మండిపోయింది. పన్నెండు ట్రేల గుడ్లు గుర్తొచ్చాయి. ఆస్పత్రి మెట్ల మీద తన చొక్కాలో చుట్టి ఎత్తుకున్న బిడ్డ గుర్తొచ్చింది. అదంతా ఈ చేపలవాడి నోట్లో ఎక్కి దిగిన మనిషైపోయింది. ఇక ఆగలేక మోకాళ్ళ మీద లేచి ఫోను ముందుకి తల పెట్టాడు.

"అమ్మా, ఆ ట్రిప్పులన్నీ నేను నడిపినవి. డ్రైవర్ని నేను."

అమ్మాయి అతని మొహం చూసింది, చూసి బామ్మర్దితో అంది, "సార్, వెరిఫికేషన్ టైములో కారులో ప్యాసింజర్లు ఉండకూడదు. పాపం ఆయన నిద్రమత్తులో ఉన్నట్టున్నారు. దిగమని చెప్పండి."

"బావా, దిగమంటున్నారు," అన్నాడు బామ్మర్ది మెల్లిగా.

కునుకు దిగాడు. ఐదేళ్ళలో ఆ కారులోంచి ఎవరో దింపితే దిగడం అదే మొదటిసారి. తలుపు వేసి, సందులో నిలబడ్డాడు. అద్దం అవతల అమ్మాయి ఏదో చెబుతోంది, బామ్మర్ది తల ఊపుతున్నాడు. తర్వాత బామ్మర్ది అద్దంలోంచి అతని వైపు చూసి, ఏడుపు మొహంతో చెయ్యి ముందుకి ఊపాడు. వంద మీటర్లు.

కునుకు ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళిపోతే కారు రంగుల కొట్టుది. గేరు న్యూట్రల్లో పెట్టమని సైగ చేసి, హ్యాండుబ్రేకు దించమని సైగ చేసి, కారు వెనక్కి వెళ్ళి రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి తోశాడు.

కారు కదిలింది. తెరలో మ్యాపు మీద చుక్క కదిలింది కాబోలు, లోపల్నుంచి అమ్మాయి 'గుడ్, సార్' అనడం వినిపించింది. ఇరవై మీటర్లు. నలభై. కునుకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అరవై దగ్గర ఆ సందు కాస్త పల్లంగా ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు, ఆ సందులో రోజూ మలుపు తిప్పేవాడే. కానీ అతనికి ఆ పల్లం తెలిసింది బ్రేకు మీద కాలుండగా. వెనకనుంచి తోస్తూ ఎప్పుడూ రాలేదు.

కారు అతని చేతుల్లోంచి జారింది.

"బ్రేకు తొక్కరా. మధ్యది," అని పరుగెత్తాడు. లోపల బామ్మర్ది స్టీరింగుని కౌగిలించుకుని ఉన్నాడు. అతని జీవితంలో ఎన్నడూ సరిగ్గా మూతపడని ఆ కళ్ళు, ఎదురుగా గిడ్డంగి గోడ కనిపించేసరికి, పెట్టెకి మూత పడ్డట్టు గట్టిగా మూసుకుపోయాయి.

కునుకు పక్కతలుపు దించిన అద్దంలోంచి సగం లోపలికి దూరి హ్యాండుబ్రేకు లాగాడు. గోడకి జానెడు దూరంలో కారు ఆగింది. బంపరుకి గీత పడలేదు. బామ్మర్ది కళ్ళు ఇంకా తెరవలేదు. ఫోను మాత్రం మాట్లాడింది.

'డ్రైవరు నిద్రమత్తులో ఉన్నట్టు గుర్తించాము. ప్రయాణికుల భద్రత కోసం మీ ఐడీ నిలిపివేశాము.'

అమ్మాయి తెరలో లేదు. రంగుకాగితాలూ లేవు. కునుకు కిటికీలో సగం లోపలా సగం బయటా వేలాడుతూ ఆ ఎర్రటి తెర చూశాడు. ఐదేళ్ళ కిందటి మాటలే, ఒక్క అక్షరం మార్చలేదు.

"నన్నేం చెయ్యమంటావు బావా," అన్నాడు బామ్మర్ది కళ్ళు మూసుకునే. "గోడొచ్చింది."

మర్నాడు కునుకు యాప్‌వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళకి ఒక ఆఫీసు ఉందని, అందులో మనుషులుంటారని స్టాండులో ఎవరో చెప్పారు. షాపింగు కాంప్లెక్సు మూడో అంతస్తు. టోకెను తొంభై ఏడు. ఇనుప కుర్చీలు, గోడకి టీవీ. టీవీలో 'మీ సమయం మాకు విలువైనది' అని ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కదులుతూనే ఉంది.

ఆరో కౌంటరులో కళ్ళజోడావిడ కూర్చుంది. పక్కన సగం తాగిన టీ, తొరక కట్టి ఉంది. కునుకు రాత్రంతా సాధన చేసిన మాటలు మొదలుపెట్టాడు.

"అమ్మా, మా బామ్మర్ది ఐడీ మీద ఉన్న పదకొండు వేల ట్రిప్పులూ..."

ఆవిడ చెయ్యెత్తింది. "ఆగండి బాబూ. మీరు చెప్పబోయేది నేను వింటే రాయాలి. రాస్తే ఆయన ఐడీ పోతుంది, మీదీ పోతుంది, మళ్ళీ జన్మలో రావు. వినమంటారా?"

కునుకు నోరు మూసుకున్నాడు. పళ్ళ డాక్టరు కుర్చీ గుర్తొచ్చింది.

ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి అతని కళ్ళు చూసింది. "పుట్టుకతోనేనా?"

"మా తాతకీ ఇవేనమ్మా."

"చూపు?"

"మీ వెనక గోడ మీద క్యాలెండరు ఇంకా పోయిన నెలలోనే ఉందమ్మా."

ఆవిడ వెనక్కి తిరిగి చూసి, మొదటిసారి నవ్వింది. "కింద అంతస్తులో కళ్ళజోళ్ళ షాపుంది. అక్కడ డాక్టరు చేత చూపు బాగుందని రాయించుకు రండి. మొహం యంత్రం కాకుండా మనిషి చూసి ఒప్పుకునే పద్ధతి ఉంది."

"ఎప్పట్నుంచమ్మా?"

"నాలుగేళ్ళయింది. యాప్‌లో సహాయం నొక్కాలి. అందులో ఇతరములు. అందులో మళ్ళీ ఇతరములు."

"ఇతరముల్లో ఇతరములు."

"అవును. రెండుసార్లు."

కునుకు మనసులో లెక్క వేశాడు. నాలుగేళ్ళంటే దాదాపు పధ్నాలుగు వందల ఉదయాలు. పధ్నాలుగు వందల సార్లు షట్టరు కింద దూరాడు. అరవాలనిపించింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆవిడ మీద అరిస్తే ఆ తొరక కట్టిన టీ కూడా ఆవిడకి దక్కదు.

కిందికెళ్ళి కాగితం తెచ్చాడు. ఆవిడ పాత ఐడీ వెతికి, ఫోటో తీసి, ముద్రలేవో వేసింది. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆఖరున తెరని అతని వైపు తిప్పింది. ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది.

'ఇంతకుముందు మా యాప్ ద్వారా కారు నడిపారా?' కింద రెండు గళ్ళు. అవును. లేదు.

"ఇది మీరే నొక్కాలి," అంది ఆవిడ. అని టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

కునుకు వేలు తెర మీద గాల్లో ఆగింది. అవును అంటే కవలలు అతనివాళ్ళు, గుడ్లు అతనివి, ఆ పాయింటు తొమ్మిది రెండు అతనిది, రేపట్నుంచి యాప్‌లో బతుకు మాత్రం ఉండదు. లేదు అంటే బతుకుంటుంది. వెనక టోకెను తొంభై ఎనిమిది దగ్గాడు.

లేదు అని నొక్కాడు.

"మరి లోను ఎప్పుడొస్తుందమ్మా?"

"ఆ లోను ఈమధ్యే పెట్టారు, వెయ్యి ట్రిప్పులు దాటాక మీ తెర మీద కనిపిస్తుంది. గబగబా నడిపితే నాలుగు నెలలు."

"గబగబా నడిపితే రేటింగు పోతుందమ్మా."

"కొత్తవాళ్ళలో ఈ మాటన్నవాడు మీరొక్కరే," అంది ఆవిడ.

నెలాఖరున రంగుల కొట్టాయన రొక్కం ఇచ్చి కారు తీసుకెళ్ళాడు. పళ్ళ డాక్టరు తాళాలిచ్చే ముందు డ్రైవరు సీటు మీది పూసల దిండు తీసి, దులిపి, కునుకు చేతిలో పెట్టాడు. ఆయన చెయ్యి వణికి పూసలు గలగలమన్నాయి. పైపన్ను ఒకటి కదులుతోంది, ఎవరికైనా చూపించుకో అన్నాడు డాక్టరు.

మర్నాడు ఐదూ నలభైకి కునుకుకి అలవాటుగా మెలకువ వచ్చింది. వెళ్ళాల్సిన చోటు లేక మంచం మీద కూర్చుంటే ఫోను మోగింది. బామ్మర్ది.

"బావా, రాలేదేం?"

"నీ మొహంతో పనైపోయిందిరా. పడుకో."

"నిద్ర పట్టట్లేదు. ఈ టైముకి చేపలన్నీ షట్టరు వైపు తిరిగి చూస్తున్నాయి."

"మేత వెయ్యి. నేనైతే ఎప్పుడూ వెయ్యలేదు," అని పెట్టేశాడు.

రోజద్దె షెడ్డులో అతనికిచ్చిన కారు క్లచ్చి చెప్పుకింద రాయిలా ఉంది. పూసల దిండు ఆ సీటుకి సరిపోక పక్కకి జారుతోంది. కారు బయటికి తీసే ముందు యాప్ అతనికి నాలుగు పాఠాల వీడియో బలవంతాన చూపించింది. ఇండికేటరు ఎలా వెయ్యాలి, ప్రయాణికులకి నమస్కారం ఎలా పెట్టాలి. మధ్యలో ఆపితే మొదటికొచ్చేది. మొత్తం చూశాడు. పచ్చటి టిక్కు పడింది. తెర మీద ఐదేళ్ళలో మొదటిసారి తన సొంత మొహం, రెప్పలు సగం దించుకుని, కింద 'కొత్త డ్రైవరు' అన్న పట్టీతో.

మొదటి బేరం ఒక పెద్దావిడ, చేతిలో పూలకుండీ. ఎక్కి కూర్చుని ఫోను చూసింది, అద్దంలో అతని కళ్ళు చూసింది.

"నిద్రొస్తోందా బాబూ?"

"లేదమ్మా."

"కొత్తా? ఎన్నాళ్ళయింది మొదలుపెట్టి?"

కునుకు కారు గడియారం చూశాడు. "ఇరవై నిమిషాలమ్మా," అన్నాడు.

ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంది. ఒక చేత్తో కుండీ, ఇంకో చేత్తో తలుపు మీది పిడి గట్టిగా పట్టుకుని, దిగేదాకా వదల్లేదు. తవ్విన రోడ్డు మీద కుండీలోంచి చిటికెడు మట్టి కూడా ఒలకలేదు. అది ఆవిడ చూడలేదు, రోడ్డు వైపే కళ్ళప్పగించి కూర్చుంది.

ఆవిడ దిగాక ఫోను టింగుమంది. డబ్బులు పడ్డాయి. బామ్మర్ది ఖాతాలో కాదు, ఆదివారం దాకా ఆగక్కర్లేదు, అతని ఖాతాలో, అప్పటికప్పుడు. కారు పక్కకి ఆపి ఆ అంకె చూశాడు. దాని కింద రేటింగు కూడా వచ్చింది. మూడు స్టార్లు. 'డ్రైవరుకి అనుభవం తక్కువ' అని ఒక ముక్క.

పదకొండు వేల ట్రిప్పుల్లో అతనికి ఎవరూ అంత తక్కువ ఇవ్వలేదు. పళ్ళు నూరుకున్నాడు. పైపన్ను కదిలి ఝుమ్మంది. మూడు స్టార్లూ తన పేరు పక్కనే ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకుని, జారిన దిండు వీపు కిందికి లాక్కుని, ఆ మొండి క్లచ్చి తొక్కాడు.